టీచర్లు ‘బాగుంది’ అని నొక్కితే చాలదు, ఒక పాఠం పట్టుకుని అడగండి

మీ ప్రశ్న చదివానమ్మా. కావలి వైపు హైస్కూల్లో పనిచేస్తూ ఎం.ఎడ్. ప్రాజెక్టు చేస్తున్నారు, ట్యాబుల్లోనూ క్లాసులో పెద్ద టచ్ ప్యానెల్ మీదా వాడే ఆన్‌లైన్ పాఠాల ప్లాట్‌ఫాం నాణ్యత మీద మీ మండలం టీచర్లకు పాతిక ప్రశ్నల గూగుల్ ఫారం పంపారు, 5కి సగటున 4.2 వచ్చింది. కానీ అదే టీచర్లు స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల గుంపు) మీటింగ్‌లో టీ తాగేటప్పుడు ‘అది దేనికీ పనికిరాదు మేడం’ అంటున్నారు. రెండింట్లో ఏది రాయాలి, టీచర్ల అసలు అభిప్రాయం తెలుసుకునేది ఎట్లా అన్నది మీ సందేహం.

రెండూ రాయొద్దు. ఆ 4.2 ప్లాట్‌ఫాం గురించి చెప్పిన మాట కాదు, అడిగిన వాళ్లెవరో చూసి ఇచ్చిన జవాబు. టీ దగ్గర మాట కూడా ప్లాట్‌ఫాం గురించి పూర్తిగా కాదు, ఫోన్లో ఉన్న యాప్‌లన్నిటి మీదా ఉన్న విసుగు అందులో కలిసి వస్తుంది. టీచర్ అసలు అభిప్రాయం ఒక పాఠం దగ్గర బయటపడుతుంది. ఆ పాఠాన్ని క్లాసులో నడిపేటప్పుడు ఎక్కడ ఆపాడు, ఎక్కడ దాటేశాడు, ఎక్కడ ప్యానెల్ వదిలేసి చాక్‌పీసు పట్టుకున్నాడు అన్నది చూస్తే మీకు కావలసిన అభిప్రాయం దొరుకుతుంది. నేను లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా (హైస్కూల్ సబ్జెక్టు టీచర్‌గా) పొదిలి, కనిగిరి వైపు చాలా ఏళ్లు చేసి, తర్వాత ట్రైనింగుల్లో రిసోర్స్ పర్సన్‌గా, డిజిటల్ పాఠాలను పరిశీలించే బృందాల్లో కూర్చున్నవాడిని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఫారం సంగతి. లింకు ఏ గ్రూపులో పెట్టారు? ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు గ్రూపులో పెట్టి ఉంటే, పైన పేరు, బడి పేరు, యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఉండే ప్రభుత్వ నంబరు) అడిగి ఉంటే, టీచర్ దాన్ని మీ ప్రాజెక్టుగా చూడడు, రిపోర్టుగా చూస్తాడు. తక్కువ వేస్తే ‘మీ బడిలో వాడకం ఎందుకు లేదు’ అని ఫోన్ వస్తుందేమో, ఇంకో రోజు ట్రైనింగ్‌కి రమ్మంటారేమో అని అతని టెన్షన్. అందుకని వరసగా 4, 4, 4 నొక్కుకుంటూ పోతాడు. ఇందులో అబద్ధమేమీ లేదు, ఉద్యోగంలో అలవాటైన జాగ్రత్త అంతే.

ఇది మీ డేటాలో జరిగిందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. మీ పాతికలో వ్యతిరేకంగా రాసిన వాక్యాలు ఉన్నాయా? ‘ఈ ప్లాట్‌ఫాం అనవసరంగా గందరగోళంగా ఉంది’ లాంటివి. లేకపోతే అదే పెద్ద లోపం. జాన్ బ్రూక్ 1996లో ప్రచురించిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ చూడండి, పది వాక్యాలే ఉంటాయి, బేసి సంఖ్య వాక్యాలు మెచ్చుకునేవి, సరి సంఖ్యవి తప్పు పట్టేవి. బేసి వాటికి వచ్చిన మార్కులోంచి 1 తీసేస్తారు, సరి వాటికి 5లోంచి వచ్చిన మార్కు తీసేస్తారు, అన్నీ కూడి 2.5తో గుణిస్తే 100కి స్కోరు వస్తుంది. ఇప్పుడు అన్నిటికీ 4 నొక్కిన టీచర్‌ని తీసుకోండి: బేసి ఐదింటికీ మూడేసి చొప్పున 15, సరి ఐదింటికీ ఒక్కొక్కటి చొప్పున 5, మొత్తం 20, స్కోరు 50. అన్నిటికీ 5 నొక్కినా 50 వస్తుంది, అన్నిటికీ 2 నొక్కినా 50 వస్తుంది. చదవకుండా నొక్కినవాళ్లంతా ఒకేచోట పోగుపడతారు, మీకు కళ్లెదుట కనిపిస్తారు. ఈ స్కేల్ మీద సాధారణంగా సగటు 68 అని చెబుతారు కాబట్టి పోల్చుకోవడానికి ఒక గీత కూడా ఉంటుంది. కాకపోతే ఇది చెప్పేది వాడకం సులువా కాదా అని మాత్రమే. పాఠం మంచిదా కాదా అనేది ఇది చెప్పదు.

మీ గైడ్ గారు క్రాన్‌బాక్ ఆల్ఫా అడుగుతారు, ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చూపే లెక్క అది. 0.7 దాటితే చాలు అని పుస్తకాల్లో ఉంటుంది, మీకు 0.9 పైన వచ్చి ఉంటుందని నా అనుమానం. సంతోషపడొద్దు. ఒక టీచర్ అన్నిటికీ 4, ఇంకో టీచర్ అన్నిటికీ 5, మూడో ఆయన అన్నిటికీ 3 నొక్కితే ఆల్ఫా ఏకంగా 1కి చేరుతుంది. అంత ఎక్కువ ఆల్ఫా రావడం కొన్నిసార్లు ఎవరూ ప్రశ్నలు చదవలేదనడానికి గుర్తు.

ఇంకొకటి, మీ ప్రశ్నల తీరు చూస్తే ‘ఉపయోగకరంగా ఉంది’, ‘వాడటం తేలిక’, ‘ఇకముందు కూడా వాడాలనుకుంటున్నాను’ అనేవి ఎక్కువ కనిపిస్తున్నాయి. ఇవి ఫ్రెడ్ డేవిస్ 1989లో చెప్పిన టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ నుంచి వచ్చినవి. మంచి మోడలే, కానీ అది మనిషి తన ఇష్టంతో ఒక వస్తువును వాడతాడా లేదా అని చెప్పడానికి పనికొస్తుంది. మన దగ్గర వాడమని ఆర్డర్ వస్తుంది. ఆర్డర్ ఉన్నచోట ‘ఇకముందు వాడతారా’ అని అడిగితే ‘వాడతాం’ అనక ఏమంటారు చెప్పండి. ఆ ప్రశ్నలు తీసెయ్యండి.

ఇక టీ దగ్గర మాటలు. వీటిని పారేయొద్దు, కానీ విడదీయాలి. 2022 ఆగస్టు నుంచి ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది, దానికి ముందే బాత్రూముల ఫోటోలు, మధ్యాహ్న భోజనం వివరాలు, కోడిగుడ్ల లెక్క అన్నీ ఫోన్లోనే పంపాల్సి వచ్చేది. పొద్దున ప్రేయర్ టైంకి సిగ్నల్ కోసం గేటు దగ్గర నిలబడిన మనిషిని పదకొండింటికి ‘ఆన్‌లైన్ పాఠాలు ఎట్లా ఉన్నాయి సార్’ అంటే ఆ కోపమంతా పాఠాల మీద పడుతుంది. డిలోన్, మెక్లీన్ అనే ఇద్దరు 1992లో ఒక పద్ధతి చెప్పి 2003లో సవరించారు. ఏ సిస్టమ్‌నైనా మూడు రకాల నాణ్యతగా చూడమన్నారు: సిస్టమ్ నాణ్యత, సమాచారం నాణ్యత, సేవ నాణ్యత. మన భాషలో చెప్పాలంటే తెరుచుకుంటుందా, లోపల ఉన్నది సరైనదా, పాడైతే ఎవరైనా పలుకుతారా అని. మీరు విన్న ఫిర్యాదులు రాసుకుని ఈ మూడు గడుల్లో వేసి చూడండి. ఎక్కువ భాగం మొదటి, మూడో గడుల్లో పడతాయని నేను ముందే చెప్పగలను: లాగిన్ పోయింది, అప్‌డేట్ అడుగుతోంది, ఛార్జింగ్ ఎక్కడం లేదు, ఫోన్ చేస్తే ‘టికెట్ పెట్టాం’ అంటారు. రెండో గడి దాదాపు ఖాళీగా ఉంటుంది. పాఠంలో లోపం లేక కాదమ్మా, టీచర్‌ని పాఠం గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబట్టి.

అడిగే ముందు ఇంకో చిక్కు ఉంది. మీరు ‘ప్లాట్‌ఫాం’ అన్నప్పుడు ఎవరి మనసులో ఏది ఉంది? ఒకాయనకు కేంద్రం ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష గుర్తొస్తుంది. 2017 సెప్టెంబర్ 5న, టీచర్స్ డే రోజు అప్పటి ఉపరాష్ట్రపతి, మన నెల్లూరు జిల్లా ఆయన వెంకయ్యనాయుడు గారు ప్రారంభించింది, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునేది. ఇంకొకరికి కరోనా ఏడాదిలో సప్తగిరి ఛానెల్లో వచ్చిన పాఠాలు. ఎనిమిదో తరగతికి చెప్పిన వాళ్లకు 2022 డిసెంబర్ 21 నుంచి పంచిన ట్యాబులు, అందులో వేసి ఇచ్చిన బైజూస్ పాఠాలు. ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది కాబట్టి ఆ పేరు వినగానే పాఠం సంగతి పక్కకుపోయి వార్తలు గుర్తొస్తాయి. ప్రభుత్వ బడులను బాగుచేసిన నాడు-నేడు పథకంలో ఐఎఫ్‌పీ అనే టచ్ ప్యానెల్ వచ్చిన బడుల వాళ్లకు ఆ పెద్ద ప్యానెలే ప్లాట్‌ఫాం. సగం మంది సైన్స్ టీచర్లకైతే యూట్యూబే ప్లాట్‌ఫాం, నిజంగా రోజూ తెరిచేది అదే. ఇన్ని వేర్వేరు వస్తువుల మీద ఇచ్చిన మార్కులను కలిపి సగటు తీస్తే ఆ 4.2 దేని మార్కు?

అందుకే పాఠం పట్టుకుని అడగమంటున్నాను. పద్ధతి చాలా తేలిక. టీచర్ పక్కన కూర్చుని, ఈ నెలలో మీరు నిజంగా క్లాసులో నడిపిన పాఠం ఒకటి తెరవండి అనండి. మీరు ఎంచొద్దు, ఆయన్నే ఎంచుకోనివ్వండి. ఆ పాఠాన్ని మీ ముందు మళ్లీ నడపమనండి, క్లాసులో ఆపినచోట ఆపమనండి. ఎందుకు ఆపారు, ఆపి ఏం చెప్పారు, పిల్లలు ఏమన్నారు. ఇంతే. మీరు నోట్సు రాసుకోవడం తప్ప ఏమీ మాట్లాడొద్దు, ముఖ్యంగా ‘బాగుందా’ అని మాత్రం అడగొద్దు.

ఒక ఉదాహరణ చెప్తాను. కనిగిరి వైపు బడిలో ఒక లెక్కల మేడం ఏడో తరగతి పూర్ణ సంఖ్యల పాఠం తెరిచారు. వీడియోలో మంచు కొండలు, థర్మామీటర్, పొద్దున మైనస్ 4 డిగ్రీలు, రాత్రి మైనస్ 11. ఆమె అక్కడ ఆపేశారట. ఏప్రిల్‌లో ఒంటిపూట బడికి వచ్చే పిల్లలు, చలంటే ఏమిటో పెద్దగా తెలియని ఊరు. ఆమె ప్యానెల్ ఆపి బోర్డు మీద ఒక నిలువు గీత గీసి, పైన 0 పెట్టి ‘ఇది మన నేల’ అన్నారట. కింద మైనస్ 320 దగ్గర ‘బోరులో నీళ్లు ఇక్కడ తగిలాయి’, మైనస్ 400 దగ్గర ‘మోటారు ఇక్కడ దించాం’. మోటారు పైన ఎన్ని అడుగుల నీళ్లు ఉన్నాయి అంటే క్లాసంతా ఒక్కసారి ఎనభై అన్నారు. అప్పుడు ఆమె దాన్నే −320 − (−400) = 80 అని రాశారు. రుణ సంఖ్యను తీసివేస్తే ఎందుకు కూడినట్టవుతుందో ఆ పిల్లలకు ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ల నాన్నలు ఆ లెక్క వేసుకునే పైపులు కొంటారు.

తర్వాత ఆమె చెప్పిన మాటలు చూడండి. సంఖ్యారేఖ మీద బాణం కదిలే తీరు చాలా బాగుంది, నేను బోర్డు మీద అంత నీటుగా కదిలించలేను, అందుకని ఆ ముక్క మళ్లీ వేసి చూపించాను. ఉదాహరణ మన పిల్లలది కాదు. పిల్లలు తడబడేదంతా రెండు మైనస్‌ల దగ్గరైతే అక్కడ ఒక్క నిమిషంలో దాటేశాడు, తేలికైన కూడికకు మాత్రం చాలాసేపు తీసుకున్నాడు. గొంతు స్పష్టంగా ఉంది కానీ వేగం ఎక్కువ. ఒక పాఠం, పావుగంట, ఐదు తీర్పులు, అందులో రెండు మెచ్చుకోలు, మూడు లోపాలు, ఐదూ సరిచేసే వాళ్లకు పనికొచ్చేవి. ఇదే మేడం ఫారంలో అయితే ‘కంటెంట్ నాణ్యత’ ఎదురుగా 4 వేసి వదిలేస్తారు. ఆ 4లో ఇవేవీ ఉండవు.

ఇట్లా పాఠం దగ్గర కూర్చున్నప్పుడు మూడు విషయాలు మాత్రం మీరే కదిలించి అడగాలి, అవి టీచర్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మొదటిది పాఠం చివర వచ్చే ప్రశ్నలు. వీడియో ఎంత బాగున్నా ప్లాట్‌ఫాం అసలు నాణ్యత తేలేది అక్కడే అని నా నమ్మకం, పాఠాలను పరిశీలించేటప్పుడు నేను ముందు తెరిచేది వాటినే. ఒక లెక్క తీసుకోండి: 3/4 + 1/2 ఎంత? జవాబు 5/4. మీ క్లాసులో తప్పు చేసే పిల్లలు ఏం రాస్తారు? పైవి పైవి కూడి, కిందవి కిందవి కూడి 4/6 అంటారు. ఆ తప్పు ఏ ఊళ్లోనైనా అదే. ఇప్పుడు ప్లాట్‌ఫాం ఇచ్చిన నాలుగు ఆప్షన్లు చూడండి. 5/4, 7/9, 2/11, 8/3 అని ఇచ్చి ఉంటే ఆ ప్రశ్న రాసినవాడు పిల్లల ముఖం చూడనివాడు. 4/6 వేసుకున్న పిల్లవాడికి తన జవాబు కనిపించదు, ఏదో ఒకటి గుడ్డిగా నొక్కుతాడు, నాలుగింట్లో ఒకసారి ఒప్పు కూడా అయిపోతుంది, రిపోర్టులో పచ్చ టిక్కు పడుతుంది. అదే 4/6 ఆప్షన్లలో ఉండి, దాన్ని నొక్కితే ‘నువ్వు హారాలు కూడావు, సగం రొట్టె, ముప్పావు రొట్టె కలిపితే ఒక రొట్టె కంటే తక్కువ అవుతుందా’ అని తిరిగి అడిగితే అది నాణ్యత. చాలా ప్లాట్‌ఫాంలలో ఎర్ర ఇంటూ గుర్తు పెట్టి తర్వాతి ప్రశ్నకు పోతారు. టీచర్‌ని అడగండి: మీ పిల్లలు చేసే తప్పు ఈ ఆప్షన్లలో ఉందా? ఈ ఒక్క ప్రశ్నకు పాతికేళ్ల సర్వీసున్న టీచర్ ఇచ్చే జవాబు ఏ కంపెనీ రిపోర్టులోనూ దొరకదు.

రెండోది పిల్లల స్థాయి. ‘మా పిల్లలకు ఇది ఎక్కడం లేదు’ అనే మాట మీరు చాలాసార్లు వింటారు, దాన్ని టీచర్ల సాకు అని రాసిన ప్రాజెక్టులు నేను చూశాను, బాధ వేసింది. ఎనిమిదో తరగతిలో భాగహారం రాని పిల్లలు ఉన్నమాట నిజం, వాళ్ల ముందు ఎనిమిదో తరగతి వీడియో ఎంత రంగులతో వేసినా ఒకటే. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, ఆలెహాంద్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో వచ్చింది, వీలైతే తప్పకుండా చదవండి. అందులో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నట్టు తేలింది. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడని చూడలేదు, వాడికి ఎక్కడిదాకా వచ్చో పరీక్షించి అక్కడి నుంచి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో మార్కులు గట్టిగానే పెరిగాయి. అంతకుముందు వడోదరలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో కూడా కంప్యూటర్ మీద పిల్లల స్థాయికి తగ్గట్టు లెక్కల ఆటలు ఆడిస్తే మంచి ఫలితం వచ్చింది. అటు పెరూ దేశంలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచి వదిలేసిన పథకాన్ని పరిశీలిస్తే లెక్కల్లో, భాషలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. అంటే ‘మా పిల్లల స్థాయికి లేదు’ అన్న టీచర్ మాట సాకు కాదు, ప్లాట్‌ఫాం ఎందుకు పనిచేస్తుందో ఎందుకు పనిచేయదో తేల్చే అసలు విషయమే అది. ఢిల్లీ అధ్యయనంలో ఇంకో సంగతి కూడా ఉంది, చాలామంది దాన్ని వదిలేసి చెబుతారు: అక్కడ పిల్లలు బడి అయ్యాక సెంటర్‌కు వచ్చి తొంభై నిమిషాలు కూర్చునేవారు, అందులో సగం సేపు సాఫ్ట్‌వేర్, మిగతా సగం ఒక మనిషి చిన్న గుంపుకు చెప్పడం. సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు.

మూడోది టైం, ఇది తొందరగా చెప్తాను. వీడియో ఆరు నిమిషాలు దాటితే చూసేవాళ్లు తగ్గిపోతారని ఫిలిప్ గువో తదితరులు 2014లో ఎడ్‌ఎక్స్ అనే వేదిక ఆన్‌లైన్ కోర్సుల మీద చూపించారు, అది చాలా చోట్ల కనిపించే మాట. కానీ అక్కడ చూసింది ఇంట్లో ఒంటరిగా కూర్చుని తమంతట తాము చదువుకునేవాళ్లు. మన క్లాసులో లెక్క వేరు. నలభై నిమిషాల పీరియడ్‌లో హాజరు, ప్యానెల్ ఆన్ చేయడం, పిల్లల్ని సర్దడం పోగా మిగిలేదాంట్లో పన్నెండు నిమిషాల వీడియో పెడితే నోట్సు ఎప్పుడు, లెక్కలు ఎప్పుడు చేయిస్తారు? కాబట్టి వీడియో పొడవు ఎంతుంటే బాగుంటుంది అని అడగొద్దు, ఈ పాఠంలో మీరు ఎన్ని నిమిషాలు నడిపారు, మిగతాది ఎందుకు వదిలేశారు అని అడగండి.

ఎవరిని అడగాలన్నది కూడా ముఖ్యం. అందరూ స్కూల్ అసిస్టెంట్లే అయితే సగం బొమ్మే వస్తుంది. ఒకే టీచర్ ఐదు తరగతులూ చూసుకునే ప్రైమరీ బడిలో ఎస్‌జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచర్‌కి) ఆన్‌లైన్ పాఠం వేరే పనికొస్తుంది: మూడో తరగతి వాళ్లకు పాట పెట్టి ఐదో తరగతి వాళ్లకు భాగహారం చెప్పుకుంటారు. ఆ వాడకాన్ని తప్పుగా రాయొద్దు, ఆమెకు అది చాలా పెద్ద సాయం, ఆమె దృష్టిలో నాణ్యత అంటే పిల్లలు తనను పిలవకుండా పది నిమిషాలు దాంతో పనిచేసుకోగలగడం. తీరం వైపు అల్లూరు, బోగోలు బడుల మాట, మెట్ట వైపు సీతారామపురం, ఉదయగిరి బడుల మాట ఒకటి కాదు. ఇంకా పైకి ఎర్రగొండపాలెం దాటి నల్లమల అంచు బడులకు వెళితే నెట్‌వర్క్ ముందు ప్రశ్న, పాఠం తర్వాతి ప్రశ్న. అక్కడి టీచర్లు మండల కేంద్రానికి వచ్చినప్పుడు పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుని, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని పోతారు. దీక్షలో డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా చూసే వీలుంది, అయినా ఆ వీలు ఉన్నట్టు తెలియని టీచర్లు చాలామంది కనిపిస్తారు, ఇది కూడా మీ అధ్యయనంలో రాయవలసిన విషయమే, ఎందుకంటే ఉన్న సౌకర్యం తెలియకపోవడం ట్రైనింగ్ లోపం. ఉర్దూ మీడియం బడులు మీ పరిధిలో ఉంటే వాళ్లను విడిగా అడగండి, వాళ్లకు ఏ పాఠాలు ఉన్నాయో, ఏవి అసలు లేవో ముందు జాబితా రాసుకోండి.

పెద్ద వయసు టీచర్లు టెక్నాలజీకి దూరం, కొత్తగా డీఎస్సీలో వచ్చినవాళ్లు దగ్గర అని ముందే అనుకుని వెళ్లకండి. నేను చూసినంతవరకు పాఠాన్ని బాగా తూకం వేసేది సబ్జెక్టు మీద పట్టు ఉన్న పెద్దవాళ్లే, కాకపోతే వాళ్లకు పక్కన ఒకరు కూర్చుని తెరిచిపెట్టాలి. కొత్తవాళ్లు వేగంగా తెరుస్తారు, యానిమేషన్ బాగుంటే త్వరగా మెచ్చుకుంటారు. ఇద్దరూ కావాలి మీకు.

మొత్తం మండలాన్ని అడగక్కర్లేదు. ఫారం అందరికీ ఉంచండి, చిన్నది చేసి, పది వాక్యాలతో. పాఠం పట్టుకుని కూర్చునేది మాత్రం పది పన్నెండు మందితో చాలు, కానీ సబ్జెక్టులూ బడులూ కలిసేలా ఎంచుకోండి. రాసేటప్పుడు ‘76 శాతం మంది సంతృప్తి’ లాంటి వాక్యంతో మొదలుపెట్టొద్దు. ఏ పాఠం, ఏ తరగతి, ఎక్కడ ఆపారు, ఏం చేర్చారు అన్నది ముందు పెట్టండి, స్కేల్ మార్కులు దాని వెనక రానివ్వండి. ఇంకోమాట, టీచర్లు మెచ్చిన పాఠం వల్ల పిల్లలకు బాగా వచ్చిందని మాత్రం రాయకండి. అది తేల్చాలంటే పిల్లలకు ముందూ తర్వాతా పరీక్ష పెట్టాలి, అది వేరే ప్రాజెక్టు. మీరు తేల్చగలిగేది టీచర్ల దృష్టిలో పాఠం నాణ్యత, అంతవరకు గట్టిగా చెప్పినా చాలా పని చేసినట్టే, మన నెల్లూరు, ప్రకాశం వైపు ఇట్లా పాఠం పాఠంగా రాసినవి నాకైతే పెద్దగా కనపడలేదు.

పేర్ల గురించి జాగ్రత్త. ఫారంలో పేరు, యూడైస్ కోడ్ గడులు తీసెయ్యండి, ఈమెయిల్ సేకరించే ఆప్షన్ ఆపెయ్యండి, లింకు ఆఫీసు గ్రూపులో కాకుండా మీ నంబర్ నుంచి విడివిడిగా పంపండి. హెచ్‌ఎం అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. కూర్చుని మాట్లాడేటప్పుడు రికార్డు చేస్తే సగం మంది బిగుసుకుపోతారు, రాసుకోవడమే మేలు. రిపోర్టులో ‘మెట్ట ప్రాంతం, లెక్కలు, ఉన్నత పాఠశాల’ అని రాస్తే చాలు, చిన్న మండలంలో సబ్జెక్టు, సర్వీసు, ఊరి పేరు మూడూ రాస్తే ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది చివరిది. జూన్‌లో పుస్తకాలు పంచడంతో సరిపోతుంది, ఫిబ్రవరి, మార్చిల్లో పదో తరగతి తప్ప ఇంకేమీ కనపడదు, ఆ తర్వాత స్పాట్ వాల్యుయేషన్. ఎఫ్‌ఏ-1 (ఏడాదిలో మొదటి ఫార్మేటివ్ పరీక్ష) పేపర్లు దిద్దేశాక, దసరా సెలవులకు ముందు ఉన్న వారాలు బాగుంటాయి, అప్పటికి నాలుగైదు పాఠాలు నడిపి ఉంటారు, దిద్దిన పేపర్లు చేతిలో ఉంటాయి. ఆ పేపర్లు కూడా చూపించమని అడగండి, 4/6 లాంటి తప్పులు ఎక్కడ వచ్చాయో అందులోనే కనిపిస్తాయి, ప్లాట్‌ఫాం ప్రశ్నల పక్కన పెట్టి చూసుకోవచ్చు. మార్చిన పది వాక్యాలూ ఇక్కడే పెట్టండి, లెక్కల పాఠాల వరకు నేను చూసి చెప్తాను. సైన్స్ వైపు చూడగలిగిన వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లూ చెప్పండి.